అంగన్‌వాడీ గోడ మీద ఎప్పుడు జూసినా ఆ నాలుగు బొమ్మలేనా?

గోడలబొమ్మలోడు
నర్సంపేట దిక్కు ఒక అంగన్‌వాడీ గోడకు బొమ్మలేసే పని ఉన్నది. 22 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు, పడమర మొఖం. ఊరోళ్ళు ఇచ్చిన లిస్టు: మిక్కీ, టామ్ అండ్ జెర్రీ, ఛోటా భీమ్, డోరేమాన్. పక్కూరి గోడ మీద అవే, దాని పక్కూర్ల గూడ అవే. మిక్కీ వచ్చింది 1928ల. ఇప్పటి పోరగాండ్లల్ల మిక్కీ సినిమా ఒక్కటన్న మొత్తం చూసినోడు ఎవడన్న ఉన్నడా? అయినా రెండు చెవులు గీయంగనే "మిక్కీ" అని ఒర్లుతరు. ఈ పాతయే ఎందుకు నిలవడ్డయి? కొత్తయి వేస్తే ఐదేండ్లకు ఎవలన్న గుర్తువడ్తరా? ఇంకోటి, పడమటి ఎండకు ఎరుపు రెండేండ్లల్ల గులాబీ అయితది, దానికేం జెయ్యాలె?

సకినం
ముందుగల ఆ గోడకు ఎవ్వడు నీళ్ళు పొయ్యకుండ చూస్కో. దేవుని బొమ్మకున్న పవర్ మిక్కీకి లేదు.

మూడుగుండ్రాలు
సకినం సంగతి పక్కన పెడదాం. పాత బొమ్మలు నిలబడటానికి నేను చెప్పే మొదటి కారణం ఒకటే: చేతకానివాడు గీసినా అవి పాడుకావు.

మిక్కీ తల ఒక గుండ్రం, చెవులు రెండు గుండ్రాలు. తల ఎటు తిప్పినా చెవులు గుండ్రంగానే ఉంటాయి, పక్కనుంచి చూసినా సన్నబడవు. నిజం ఎలుకకు అట్లా ఉండదు. కానీ గీసేవాడి బాధ చూడండి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు. ఏడు నిమిషాల సినిమాకు 5,040. అన్ని బొమ్మలు అంతమంది చేతుల్లో ఒకేలా రావాలంటే నాణెం పెట్టి గీసినా వచ్చే ఆకారం కావాలి. చేతికి నాలుగు వేళ్ళే పెట్టిందీ అందుకే. తెల్ల గ్లౌజులు 1929లో వచ్చాయి, నల్ల ఒంటి ముందు నల్ల చేయి ఆనదు కాబట్టి.

గోడకు పరీక్ష ఇది: బొమ్మ మొత్తం నల్లగా పూసేశామనుకోండి, ఇరవై అడుగుల దూరం నుంచి ఎవరో తెలియాలి. మిక్కీ గట్టెక్కుతాడు, డోరేమాన్ గట్టెక్కుతాడు, తలపాగా మీసం ఉన్నాయి కాబట్టి చాచా చౌదరీ గట్టెక్కుతాడు. మీ దగ్గరున్న కొత్త బొమ్మలను ఈ పరీక్షకు పెట్టండి, సగం అక్కడే రాలిపోతాయి.

చందమామ_పాతసంచిక
ఒప్పుకోను. విక్రమార్కుడు, బేతాళుడు బొమ్మలో ఎన్ని గుండ్రాలున్నాయి? 'చందమామ' 1947 జులైలో మొదలైంది, చిత్రకారుడు శంకర్ 1952లో వచ్చారు. ఆ బొమ్మలో చెట్టు ఊడలు, పుర్రెలు, శవం వెంట్రుకలు, రాజు నగలు, వందల గీతలు. నాణెం పెట్టి గీయలేరు. అయినా భుజాన శవం, చేతిలో కత్తి, వెనకకు తిరిగి చూసే రాజు అంటే యాభై దాటిన తెలుగువాడికి ఇంకో మాట అక్కర్లేదు.

అక్కడ నిలబడింది గీత కాదు, షరతు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం పోయి బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. పాత కథలు 25 మాత్రమే. అవి అయిపోయినా పత్రిక అదే షరతులో కొత్త కథలు పోస్తూ దశాబ్దాలు నడిపింది. పాత్రకు ఇట్లాంటి విడవని చిక్కు ఒకటి ఉంటే చాలు, ఎవరు గీశారన్నది తర్వాతి ముచ్చట.

మూడుగుండ్రాలు
అదే నేనంటున్నది. యాభై దాటినవాళ్ళకు తెలుసు. ఆరేళ్ళ పిల్లకు? ఏ అంగన్‌వాడీ గోడ మీదా బేతాళుడు లేడు, ఎందుకంటే శంకర్ చేయి లేకుండా ఆ బొమ్మ రాదు.

సకినం
అంగన్‌వాడీ గోడ మీద శవాన్ని వేస్తే పోరగాండ్లు గుడ్డు పెట్టే రోజు గూడ రారు 😄

రిమోట్_నాదగ్గరున్నది
మీరిద్దరు గీతలు, షరతులు అని కొట్లాడుతున్నరు గని సరఫరా సంగతి మర్చిపోయిండ్రు. ఫాంటమ్‌ను తీస్కోండ్రి. లీ ఫాక్ 1936ల మొదలువెట్టిండు. ఒంటికి అతుక్కున్న డ్రెస్సు, పుర్రె ఉంగరం, తెల్ల గుర్రం, తోడేలు. నల్లగ పూసినా గుర్తువడ్తడు, పరీక్ష పాస్. షరతు గూడ ఉన్నది: తండ్రి సచ్చిపోతే కొడుకు అదే ముసుగు ఏస్కుంటడు, లోకం మాత్రం సావు లేనోడు అనుకుంటది. మన దేశంల 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్ వేసింది. బెంగాల్‌తోని కలుస్తదని ఫాంటమ్ ఉండే 'బెంగాలా'ను 'డెంకాలి' అని మార్చిండ్రు, అంత జాగర్తగ నడిపిండ్రు. 1990ల బందువెట్టిండ్రు. ఇప్పుడు బడి పిల్లలకు ఫాంటమ్ బొమ్మ చూపెట్టుండ్రి, ఎవలో చెప్తె చూద్దాం.

గీత మంచిది, కథ మంచిది, పుస్తకం ఆగంగనే పాత్ర ఆగింది. టామ్ అండ్ జెర్రీ 1940 ఫిబ్రవరి 10న వచ్చినా ఇంకా నడుస్తున్నదంటే టీవీల ఆగలేదు గనుక. మాటలు దాదాపు లేనే లేవు, డబ్బింగ్ ఖర్చు లేదు. హిందీ రానోని ఇంట్ల నడుస్తది, తెలుగు రానోని ఇంట్ల నడుస్తది.

చందమామ_పాతసంచిక
@రిమోట్_నాదగ్గరున్నది ఫాంటమ్ ముచ్చట బాగుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ సరఫరా ఒక్కటే చాలదు. ఛానళ్ళు రోజూ చూపించి కూడా రెండేళ్ళకే ఎవరికీ గుర్తులేని కార్టూన్లు కుప్పలున్నాయి.

ఎడిటింగ్_టేబుల్
టామ్ అండ్ జెర్రీ మీద ఒక్క సవరణ. అది 'ఎవరు గీసినా వస్తుంది' అనేదానికి ఉదాహరణ కాదు, సరిగ్గా ఎదురు ఉదాహరణ.

ఈ పాత్రలను పుట్టించిన హానా, బార్బెరా చేసినవి 1940 నుంచి 1958 దాకా 114. ఏడు ఆస్కార్లు వీటికే. 1961–62లో జీన్ డైచ్ ప్రాగ్‌లో 13 చేశాడు. తర్వాత 1963 నుంచి 1967 దాకా చక్ జోన్స్ 34. ఆకారాలు ఇంచుమించు అవే, అయినా డైచ్‌వి రాగానే పిల్లలు కూడా "ఇది అదిగాదు" అంటారు. ఎందుకో వరుసగా చూస్తే తెలుస్తుంది. పాతవాటిలో పిల్లి పరుగెత్తే ముందు ఒళ్ళు వెనకకు లాగుతుంది, పెనం మొహానికి తగలగానే ఒక క్షణం ఆగుతుంది, ఆ తర్వాతే మొహం పెనం ఆకారంలో కనిపిస్తుంది. ఆ ఆగడంలోనే నవ్వుంది. స్కాట్ బ్రాడ్లీ సంగీతం ఆ ఆగడాన్ని అంగుళం అంగుళం పట్టుకుని నడుస్తుంది. డైచ్ వాటిలో దెబ్బ, ఫలితం రెండూ ఒకేసారి పడతాయి, శబ్దం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది.

చక్ జోన్స్‌వి గుర్తుపట్టడం తేలిక: టామ్ కనుబొమలు దట్టంగా ఉంటాయి, జెర్రీ చెవులు, కళ్ళు పెద్దవి. గోడ మీద వేసే అన్నలకు పనికొచ్చేది ఇదే. నెట్‌లోంచి తీసిన బొమ్మ ఏ కాలానిదో చూసుకోండి. టామ్ ఒక కాలానిది, జెర్రీ ఇంకో కాలానిది కలిపితే ఏదో తేడా కొడుతుంది కానీ ఏంటో అర్థం కాదు.

గోడలబొమ్మలోడు
@ఎడిటింగ్_టేబుల్ అన్నా, గిది మంచిగ చెప్పినవ్. టామ్ కనుబొమలు ఎందుకు కుదురుత లేవో ఇప్పుడు సమజయింది.

నకాశీ_చూపు
మిక్కీ గురించి ఇంత దూరం పోయారు, నకాశీ పటాలు గీసే చేర్యాల మన పక్కనే ఉంది. నిన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటలో పడ్డది. నకాశీ పటం అంటే మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉండే కామిక్ పుస్తకమే. నిలువుగా విప్పుతారు, అడ్డంగా వరుసలుంటాయి, వరుసకు వరుసకు మధ్య పూల అంచు. కథ చెప్పేవాళ్ళు ఒక్కో వరుస చూపించుకుంటూ పాడతారు. గౌడులకు గౌడజెట్టివాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, ఎవరి కులపురాణం వాళ్ళకు.

రాత్రి, దివిటీ వెలుగులో, వెనక వరుసలో కూర్చున్నవాడికి పాత్ర తెలియాలి. దానికి వాళ్ళు కట్టుకున్న పద్ధతి చూడండి. వెనక మొత్తం ఎరుపు. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు. అదే మనిషి పది వరుసల్లో వస్తే పదిసార్లూ అవే నగలు, అదే బట్ట. మిక్కీ ఎర్ర నిక్కరు మార్చుకోకపోవడం, ఛోటా భీమ్ నారింజ ధోవతి మార్చుకోకపోవడం ఇదే సూత్రం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అవసరం ఒకటే.

బట్ట తయారీ కూడా చెప్తా, గోడకు పనికొస్తుంది. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూత పెడతారు. ఒకటి ఆరినాక ఇంకోటి, అట్లా మూడు. పూత తడిగా ఉండగా రెండోది వేస్తే చుట్టినప్పుడు పగులుతుంది. రంగు నిలిచేది రంగు వల్ల కాదు, కింది పూత వల్ల.

మూడుగుండ్రాలు
ఎరుపు మీద నీలం పెట్టడం అంటే దూరానికి ఆనడానికే. ఇది నా వైపు వాదన అని రాసుకుంటున్నా.

నకాశీ_చూపు
రాసుకోండి కానీ సగమే. ఆ పటం పాట లేకపోతే మూగది. పాడేవాళ్ళు తగ్గారు, పటాలు చిన్నవై ఫ్రేముల్లోకి ఎక్కాయి. కాబట్టి @రిమోట్_నాదగ్గరున్నది అన్నట్టు సరఫరా కూడా నిజమే.

రంగులడబ్బా
పై ముచ్చటంత మంచిగనే ఉన్నది. ఎరుపు ఎందుకు పోతున్నదో నేను జెప్త.

ఒకటి, స్టెయినర్ (తెల్ల రంగుల కలిపే చిక్కటి రంగు) ఎక్కువ కలుపుడు. తెల్ల ఎమల్షన్ల ఎర్ర స్టెయినర్ పోసి పోసి ముదురు ఎరుపు చేద్దామంటే గాదు. లీటరుకు 40 మిల్లీలీటర్లు దాటితే అంటువట్టే గుణం పోతది, చెయ్యి వెడితే పొడి అంటుతది, రెండు వానలకు కడుక్కపోతది. ముదురు ఎరుపు కావాలంటే షాపుల మిషన్ మీద ముదురు బేస్‌తోని కలిపిచ్చుకోవాలె.

రెండు, రంగు జాతి. మెరిసే ఎరుపు, గులాబీ, ఊదా ఎండకు ఆగయి, అందుల పడమటి గోడకు అస్సలే ఆగయి. జాజు రంగు, పసుపుమట్టి రంగు, నలుపు ఇనుము జాతియి, ఏండ్లకేండ్లు ఉంటయి. మిక్కీ నిక్కరుకు ముందు జాజు రంగు ఒక కోటు, దాని మీద మెరిసే ఎరుపు రెండు కోట్లు. మీదిది వెలిసినా కింద ఎరుపే కనవడ్తది, గులాబీ గాదు.

మూడు, సున్నం. పాత గోడకు సున్నం ఉంటే ఇనుప బ్రష్‌తోని గీకాలె, తడిబట్టతోని తుడిచి ఆరినాక ప్రైమర్. సున్నం మీద ఎమల్షన్ కొడితే సున్నంతోని సహా పెచ్చులు లేస్తది. కొత్త సిమెంటు ప్లాస్టర్ అయితే 28 రోజులు ఆగాలె, లేకపోతే సిమెంటు ఘాటుకు రంగు మచ్చలు మచ్చలు అయితది.

నీ గోడ 154 చదరపుటడుగులు. ప్రైమర్ ఒక కోటుకు రెండు లీటర్లు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు యాభై చదరపుటడుగులు లెక్కేస్కో, మూడు లీటర్లు పడ్తది. గోడ గరుకుగ ఉంటే ఇంకో అర లీటరు. ఇంటి లోపలి రంగు సస్తగ వస్తదని తేకు.

గోడలబొమ్మలోడు
నలుపు అవుట్‌లైన్ ఎనామిల్‌తోని వేస్తున్న. నడుస్తదా?

రంగులడబ్బా
నడవదు. ఎనామిల్ ఎండకు బిర్రుగై పగులుతది, కింద ఎమల్షన్‌ను గూడ పట్టుకోని లేస్తది. నల్ల ఎమల్షనే రెండుసార్లు తిప్పు.

టీచరమ్మ_జనగామ
బొమ్మలు వేసేవాళ్ళు ఎప్పుడూ పెద్దవాళ్ళ ఎత్తులో వేస్తారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల చూపు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. ఆరడుగుల పైన ఉన్న మొహం వాళ్ళకు గడ్డం, ముక్కు రంధ్రాలుగానే కనిపిస్తుంది. కాబట్టి మొహాలు కిందికి దించండి.

ఇంకొకటి, పిల్లలు బొమ్మను ముక్కలుగా గుర్తుపెట్టుకుంటారు. డోరేమాన్ అంటే గంట, జేబు. గంట లేకపోతే "సార్, గంటేది?" అని అడుగుతారు. పాత పాత్రలు నిలబడటంలో ఈ 'ఏదో ఒక వస్తువు' భాగం పెద్దది. 'టింకిల్' కామిక్‌లోని శికారి శంభుకు టోపీ. వసంత్ హల్బే ఆ టోపీని కళ్ళ మీదికి దించి గీశారు, కళ్ళు కనపడవు. ఆయన తర్వాత వేరేవాళ్ళు గీసినా టోపీ ఉంటే శంభునే.

రంగులడబ్బా
మేడమ్, మూడడుగుల దాక చెమ్మ ఎక్కుతది. పల్లెటూరి గోడలకు అడుగున డీపీసీ (చెమ్మ పైకెక్కకుండ వేసే పొర) సరిగ ఉండదు, ఉప్పు పొంగి రంగు పొక్కుతది. మొహాలు అక్కడ పెడితే మొదటి వానకాలంలనే మిక్కీకి అమ్మవారు పోసినట్టయితది.

టీచరమ్మ_జనగామ
అయితే మధ్యలో కలుద్దాం. అడుగున రెండడుగులు బొమ్మ లేకుండా జాజు పట్టీ, దాని మీద తెల్ల ముగ్గు. పొక్కినా మళ్ళీ పూసుకోవచ్చు. మొహాలు నాలుగు, నాలుగున్నర అడుగుల దగ్గర.

రంగులడబ్బా
గది బరాబర్.

కాపీరైట్_కాకా
ఒక మాట అడ్డమొస్త. మిక్కీ ఫ్రీ అయిండని వాట్సాప్‌ల తిరుగుతున్నది. అయింది అమెరికాల, 2024 జనవరి 1న, అదీ 1928 రూపానికే. గ్లౌజులు లేవు, నలుపు తెలుపు. 1929ల వచ్చిన పొపాయ్, టిన్‌టిన్‌ల తొలి రూపాలు అక్కడ 2025ల విడుదలైనయి. మన చట్టం వేరు: బొమ్మకైతే గీసినాయన పోయినంక 60 ఏండ్లు. టిన్‌టిన్ గీసిన ఎర్జే 1983ల పోయిండు, అంటే మన దగ్గర 2043 ఆఖరు దాక. డోరేమాన్ గీసినాయన 1996, అంటే 2056. ట్రేడ్‌మార్క్ వేరే కథ, దానికి గడువే లేదు, రెన్యువల్ చేస్కుంట పోవచ్చు. అంగన్‌వాడీ గోడ మీద ఎవ్వరు పట్టించుకోరు. పట్టించుకోకపోవుడు వేరు, పర్మిషన్ ఉండుడు వేరు. బ్యాగుల మీద అచ్చేసి అమ్మితే మాత్రం నోటీసు వస్తది.

నిలబడుడు గురించి అడిగినవు గాబట్టి ఇది గూడ చెప్తున్న. సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన ఇద్దరు 1938ల 130 డాలర్లకు హక్కులు అమ్ముకున్నరు. పాత్ర నిలవడ్డది, పైసలు నిలవడలే.

సకినం
కాకా వచ్చిండంటే ఎవరో ఒకరు బాధపడుడే.

పాలకూర_పప్పు
మూడుగుండ్రాలు గారి లెక్కలో పొపాయ్ ఎక్కడ? ఆ బొమ్మ సుఖంగా గీసేది కాదు, వంకర గడ్డం, ఒంటికన్ను, ఉబ్బిన ముంజేతులు. పైగా హీరోగా రాలేదు. 'థింబుల్ థియేటర్' కామిక్ 1919 నుంచే నడుస్తోంది, ఇతను పదేళ్ళ తర్వాత పక్క పాత్రగా వచ్చి కథనే తన్నుకుపోయాడు. జనం పట్టుకున్నది పాలకూర డబ్బా. బలహీనంగా కనిపించేవాడు ఏదో తింటాడు, లెక్క తిరగబడుతుంది. ఛోటా భీమ్‌కు లడ్డూ అదే పని చేస్తుంది. భీమ్ హైదరాబాద్‌లో తయారైనవాడు, పోగోలో 2008లో వచ్చాడు. అంగన్‌వాడీ పిల్లలకు అతనూ పాతవాడే, వాళ్ళు పుట్టకముందే ఉన్నాడు. కొత్తవి నిలబడవు అన్న మాట అందుకే తప్పు.

సకినం
భీమ్ మన దిక్కు పుట్టింటే లడ్డూ గాదు సకినాలు తినేటోడు. పండ్లు ఊడినోడు మాత్రం హీరో కాకపోవు.

రిమోట్_నాదగ్గరున్నది
@పాలకూర_పప్పు ఒప్పుకుంట. సమ్మక్క జాతరల బుగ్గలు (బెలూన్లు) అమ్మేటోని కర్ర చూడుండ్రి, ఏది నిలవడ్డదో అక్కడ తెలుస్తది. అమ్ముడువోని మొఖం ఆ కర్ర మీద రెండోసారి ఉండదు. మిక్కీ, భీమ్, డోరేమాన్, స్పైడర్‌మ్యాన్. స్పైడర్‌మ్యాన్ 1962 సరుకు.

మూడుగుండ్రాలు
స్పైడర్‌మ్యాన్ ఒంటి మీద సాలెగూడు గీతలు గీయాలంటే ప్రాణం పోతుంది, నా వాదనకు అక్కడ పెద్ద బొక్కే. మొహానికి మాత్రం రెండు తెల్ల కళ్ళు చాలు. గోడ మీద తల వరకే వేయండి.

గోడలబొమ్మలోడు
అందరివి కలిపి ఇట్ల అనుకుంటున్న. అడుగున రెండడుగులు జాజు పట్టీ. మీద ఐదడుగులు తెలుపు. 6 అంగుళాల గళ్ళు, అడ్డంగ 44, నిలువుగ 10. కాగితం మీద అర అంగుళం గడి, అంటే 22 అంగుళాల పొడవు, రెండు ఏ4 కాగితాలు అతికిస్తే సరిపోతది. సుద్దపొడి దారం కొట్టి గళ్ళు. ఎడమ నుంచి డోరేమాన్, టామ్, జెర్రీ, మిక్కీ, భీమ్. ఆఖరుకు నకాశీ తీరుల రెండు వరుసలు: కుందేలు, సింహం కథ, ఎర్ర వెనకాలతోని. అది ఎవ్వల హక్కు గాదు గదా కాకా?

కాపీరైట్_కాకా
కుందేలు సింహం పంచతంత్రం, ఎవ్వరిది గాదు. కథ తీస్కో. వేరే కళాకారుడు గీసిన పటం చూసి మక్కీకి మక్కీ దించకు.

నకాశీ_చూపు
ఎర్ర వెనకాలకు జాజు రంగే వాడండి, పై పోస్టులో చెప్పినట్టు అది పోదు. అచ్చమైన ఇంగిలీకం ఎరుపు రాదు, కొంచెం ఇటుక రంగు కొడుతుంది. ఫర్వాలేదు. కళ్ళు చివరికి వేయండి, చేపలా పొడుగ్గా.

ఎడిటింగ్_టేబుల్
డోరేమాన్ లెక్క ప్రకారం ఎత్తు 129.3 సెంటీమీటర్లు, నాలుగడుగుల మూడంగుళాలు. మీ గళ్ళలో ఎనిమిదిన్నర. అసలు సైజులోనే వేయొచ్చు, పిల్లలు పక్కన నిలబడి కొలుచుకుంటారు.

గోడలబొమ్మలోడు
గిది మస్తున్నది. గళ్ళు వంకర వోకుండ ఏమన్న ఉపాయం?

మూడుగుండ్రాలు
నేలను నమ్మొద్దు, నేల వాటంగా ఉండదు. నీళ్ళ గొట్టంతో రెండు చివర్లా మట్టం గుర్తు పెట్టి మొదటి దారం కొట్టండి. గళ్ళు పడ్డాక పెద్ద చతురస్రం రెండు మూలలు కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. అర అంగుళం తేడా వచ్చినా చెరిపేయండి, లేకపోతే మిక్కీ చెవులు కోడిగుడ్లవుతాయి.

టీచరమ్మ_జనగామ
డోరేమాన్‌కు చెవులు పెట్టకండి. పోయినసారి పక్క సెంటర్ గోడ మీద పిల్లి అని ఎవరో పెట్టేశారు, పిల్లలు రోజూ సుద్దతో కొట్టేస్తున్నారు. మీసాలు ఆరు, ఈ పక్క మూడు, ఆ పక్క మూడు. చేతికి వేళ్ళు లేవు, తెల్ల ముద్ద అంతే.

సకినం
టామ్‌ను డోరేమాన్ పక్కన పెట్టినవ్. రెండు పిల్లులు, ఒక్కటే ఎలుక. జెర్రీని జెర దూరం జరుపు అన్నా.

గోడలబొమ్మలోడు
మిక్కీ గూడ ఎలుకనే గదనే. లెక్క సరిపోయింది.